తీగెపనిలో నాగాభరణములు

ఆభరణమునకు తూకము, రూపము, పేరు అని మూడు అంగములు కలవు. తూకమును త్రాసు చెప్పును. రూపమును కన్ను చెప్పును. పేరును మాత్రము ఇంటి పెద్దలు చెప్పవలెను. పెద్దలు గతించిన యిండ్లలో ముందుగా పోవునది పేరు. పేరు పోయిన నగ పెట్టె యడుగున కొన్ని యేండ్లుండి, అవసరము వచ్చిన దినమున ‘పాత బంగారము’ అను కొత్త పేరుతో బయటికి వచ్చును. మఱునాటికి రూపము కూడ ఉండదు.

తెలుగునాటి కావల తరతరములుగా కాపురములు చేయుచున్న మన కుటుంబములలో ఈ సంగతి తఱచుగా జరుగుచున్నది. అందుచేత మేము ఇచ్చట ఒక్క తెగ నగలను గూర్చి వ్రాయ సంకల్పించితిమి. అవి సర్పాకృతి గల నగలు. అందును ముఖ్యముగా లోహపు తీగెను చుట్టియు, అల్లియు, పురిపెట్టియు చేతితో చేయబడినవి. నాగరము, నాగవంకి, పాము ఉంగరము అను పేర్లు నేటికిని కొందఱు ముసలమ్మల నోట వినబడుచున్నవి. ఆ పేర్ల వెనుక ఉన్న చరిత్రను, పనితనమును మన పిల్లలకు తెలియజేయుట మా ఉద్దేశము.

పామునకు తీగెకు గల చుట్టఱికము చాల సహజమైనది. రేకుతో పువ్వును కొట్టవచ్చును. అచ్చుతో కాసును పోయవచ్చును. కాని పాము మెలికను రేకు చక్కగా పలికింపజాలదు. తీగె యన్ననో, పుట్టుకతోనే పొడవైనది, వంగునది, చుట్ట చుట్టుకొనునది. కంసాలి తీగెను వ్రేలికి రెండు మూడు చుట్లు చుట్టి, ఒక కొసను చదునుచేసి పడగగా విప్పి, రెండవ కొసను సన్నగా రాచి తోకగా విడిచిన యెడల పాము ఉంగరము సిద్ధమగును. దీనికి అతుకు కూడ అక్కఱలేదు.

ఇందు మఱియొక ఉపయోగము కలదు. అతికిన గుండ్రని ఉంగరము ఒక్క వ్రేలికే సరిపోవును. చుట్ల ఉంగరము అట్లు కాదు. కొంచెము విప్పిన పెద్ద వ్రేలికి, కొంచెము నొక్కిన చిన్న వ్రేలికి పట్టును. అవ్వ వ్రేలి నగ కోయకుండ, కరగింపకుండ మనుమరాలి వ్రేలికి చేరును. అనగా ఈ రూపములోనే వారసత్వమునకు వీలున్నది. ఇట్టి నగ కరగిపోయినచో అది సరిపోక పోయినది కాదు. దాని సంగతి ఎఱిగిన వారు లేక పోయినదని చెప్పవలెను.

నాగరూపము తెలుగుదేశమున ఎంత ప్రాచీనమో తెలిసికొనుటకు చెన్నపట్టణపు మన సోదరులు దూరము పోనక్కఱలేదు. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమున అమరావతీ శిల్పములు కలవు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో త్రవ్వించిన రాళ్ళు చెన్నపట్టణమునకు చేరినవి. వానిలో పెక్కు పిమ్మట లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు తరలిపోయినవి. ఆ సున్నపురాతి పలకలపై స్తూపమును కాపాడు నాగరాజులను చూడవచ్చును. అనేక పడగలు విప్పి, మెలికలు చుట్టుకొని కూర్చున్న ఆ రూపములే మన నాగాభరణములకు రాతిలోని పెద్దలు. సుమారు రెండువేల యేండ్ల నాడు కృష్ణాతీరమున పాము భయము గొలుపునదిగా మాత్రమే కాక, కాపలా కాయునదిగా కూడ చూడబడెనని ఆ శిల్పములు తెలుపుచున్నవి.

ఇక తీగెపని సంగతి. న్యూయార్కు నగరమునందలి మెట్రోపాలిటన్ మ్యూజియములో క్రీస్తుపూర్వము 1వ శతాబ్దికి చెందిన ఒక జత బంగారు కర్ణాభరణములు కలవు. అవి ఆంధ్రదేశమునవి కావచ్చునని పండితులు నిర్ణయించిరి. వానిపై ఏనుగు, రెక్కల సింహము ఉన్నవే కాని పాము లేదు. అయినను బంగారు రేకు, సన్నని తీగె తునుకలు, ఆవగింజలకంటె చిన్నవైన రవలు కలిపి అతికిన ఆ పనిని బట్టి, తీగెను చేతిలో ఆడించు నేర్పు ఇచ్చట ఎంత పాతదో ఊహింపవచ్చును. రాతిలో నాగము, బంగారమున తీగె రెండును ఆనాటికే కలవు.

విజయనగర కాలమునకు వచ్చుసరికి ఆభరణముల విషయమున చూచినవారి సాక్ష్యము కూడ లభించును. పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ సుమారు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి, మహర్నవమి ఉత్సవములలో అంతఃపుర స్త్రీలు ధరించిన నగల బరువును చూచి విస్తుపోయి వ్రాసియున్నాడు. లేపాక్షి వీరభద్రాలయము అచ్యుతరాయల నాటిది. అచ్చటి చిత్రములలో కొప్పులు, జడలు, దండకడియములు కనులార చూడవచ్చును. ఆ గుడి ఆవరణలోనే ఏడు పడగల నాగలింగము కూడ కలదు. కన్నడసీమలో నున్న మన బంధువులకు లేపాక్షి సరిహద్దు ప్రక్క ఊరే గనుక పిల్లలను తీసికొనిపోయి చూపుట కష్టము కాదు.

ఆ కాలముననే తెలుగు కుటుంబములు దక్షిణమునకు విరివిగా తరలినవి. మధురలో నాయకుల పాలన 1736 వఱకు, తంజావూరిలో 1673 వఱకు సాగెను. సైనికులతో, సేద్యగాండ్రతో, వర్తకులతో పాటు కంసాలులు కూడ పోయిరి. ఉత్తరమున కథ వేఱు. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగువారు ఇల్లు కదలలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా సరిహద్దే వారి ఇంటి నీవల పడెను. బళ్ళారివారికి 1953 అక్టోబరు 1వ తేదీన ఇట్లే జరిగెను. షోలాపురము, భివండీల మగ్గములకు తెలంగాణము నుండి పోయినవారు బ్రతుకుతెరువుకై పోయిరి. యానామువారు తెలుగు గోదావరి ఒడ్డుననే యుండి 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిరి. కదలినవారికిని కదలనివారికిని సమానమైనది ఆడువారి నగల పెట్టె.

ఈ పెట్టెలోని మాటలు చుట్టుప్రక్కల భాషలలో కూడ కలిసిమెలిసి యున్నవి. మనము రాగిడి యనునది తమిళమున రాక్కొడి, కన్నడమున రాగటె. దండచేతికి పెట్టుకొను వంకి తమిళ కన్నడములందు కూడ వంకియే, మరాఠీలో వాకి. ‘ఎవరి మాట ఎవరు తీసికొనిరి’ అని వాదించుట మా పని కాదు. పొరుగువారి యింట పెండ్లికి పోయినప్పుడు ఈ మాట వినబడిన, మన పెట్టెలోని వస్తువును వారు కూడ ఎఱుగుదురని సంతోషించుట చాలును.

వంకి రూపమును గూర్చి కొంత చెప్పవలెను. ఇది గుండ్రని కడియము కాదు. బయటి వైపున తలక్రిందులైన ‘వి’ అను ఇంగ్లీషు అక్షరము వలె పైకి లేచి యుండును. ఈ వంపు వలన దండచేయి బిగిసిపోదు. చేయి మడిచినను నగ ఒఱసికొనదు. ఈ వంపు కొనయందు పాము పడగను నిలిపిన నాగవంకి యగును. కొన్నింట రెండు పాములు ఇరుప్రక్కల నుండి వచ్చి నడుమ పడగలు కలుపును. కొన్నింట పాములకు మాఱుగా చిలుకలు, నెమళ్ళు ఉండును. పడగ నడుమ కెంపు పొదుగుట వాడుక. కాళీయుని పడగలపై నాట్యమాడు కృష్ణుని రూపము కూడ పతకములందు తఱచు.

నాగరము జడకు సంబంధించినది. పెండ్లికూతురి జడకు పైభాగమున సూర్యుడు, చంద్రుడు, రాగిడి, వానికి దిగువ పడగ విప్పిన నాగరము, దాని క్రింద జడబిళ్ళలు వరుసగా తోక వఱకు, చివర జడకుప్పెలు. చూచినవారికి జడకు నగ పెట్టినట్లు కాక, జడయే పామైనట్లు తోచును. ఓపి అంట్రాక్ట్ అను విద్వాంసుడు భారతదేశపు సంప్రదాయాభరణములపై 1997లో ప్రకటించిన పెద్ద గ్రంథములో ఇట్టి దక్షిణదేశపు జడనాగములకు విశేషమైన చోటు లభించినది. పరదేశపు పండితుడు గ్రంథమున కెక్కించిన వస్తువును మనము పేరైన వ్రాసికొనక కరగించుట ఆలోచింపదగినది.

తమిళదేశపు దక్షిణజిల్లాలలో వృద్ధస్త్రీలు సాగిన చెవితమ్మెలకు ధరించుచుండిన పాంబడము కూడ ఇచ్చట జ్ఞాపకము వచ్చును. పాంబు అనగా పాము, పడము అనగా పడగ. కాని అందు పాము కండ్లకు కనబడదు. గుండ్లు, పలకలు, కోణములు కలిపి కూర్చిన ఆ నగలో పాము పేరుగా మాత్రమే నిలిచినది. పేరు లేకున్న ఆ నగలో పామున్నదని ఎవ్వరును పోల్చలేరు. పేరు నిలుపుకొనుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

ఇప్పుడు పని జరుగు విధమును చెప్పెదము. మొదట వెండినో బంగారమునో మూసలో వెలిగారముతో కరగించి కడ్డీగా పోయుదురు. ఆ కడ్డీని దాగలిపై సుత్తితో సాగగొట్టి కమ్మచ్చునకు ఎక్కింతురు. కమ్మచ్చు అనగా వరుసగా తగ్గుచుపోవు రంధ్రములు గల ఉక్కుపలక. పెద్ద రంధ్రము నుండి చిన్న రంధ్రమునకు ఒకదాని తరువాత నొకటిగా తీగెను పటకారుతో లాగుదురు. లాగినకొలది తీగె బిఱుసెక్కును. అప్పుడు దానిని కుంపటిలో ఎఱ్ఱగా కాల్చి మెత్తపఱచి మరల లాగుదురు. తొందరపడిన తీగె తెగును. మేలిమి బంగారము ఒక్క గ్రాము సుమారు 2 కిలోమీటర్ల తీగెగా సాగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నగపనికి అంత సన్నము అక్కఱలేదు గాని, వెండ్రుకవంటి తీగె కంసాలి యింట సామాన్యమే.

తరువాతి పని పురి పెట్టుట. రెండు సన్నని తీగెలను కలిపి పురిపెట్టి సుత్తితో చదును చేయుదురు. అట్లు చదునైన తీగె అంచున సన్నని గింజలు వరుసగా గ్రుచ్చినట్లు గరుకు కనబడును. ఈ గరుకే పాము ఒంటి పొలుసులను తలపించును. లావుపాటి తీగెతో ముందుగా పడగకు చుట్టుగీత కట్టి, ఆ గీత లోపల ఈ పురితీగెను చుట్టలుగా, వంకీలుగా, చిన్న ఆకులుగా మడిచి శ్రావణముతో ఒక్కొక్కటే ఇముడ్చుదురు. ఒంటికి మఱియొక ఉపాయము కలదు. ఒక సన్నని ఇనుపపుల్లపై తీగెను దగ్గఱ దగ్గఱగా చుట్టి పుల్లను లాగివేసిన, వంగుటకు వీలైన గొట్టము మిగులును. కొందఱు కొక్కెములలో కొక్కెములు దూర్చి గొలుసుగా అల్లుదురు. ఆ అల్లిక చేతిపై పెట్టిన పాము జారినట్లే జారును.

ఇమిడ్చిన తీగెలు కదలకుండ నిలుచుటకు జిగురు కావలెను. అందులకు గురివెందగింజను నీళ్ళతో అరగదీసి ఆ గంధమును పూయుదురు. బంగారమును తూచు గింజయు అదియే, అతుకుటకు ముందు పట్టియుంచు గింజయు అదియే! పిమ్మట దానిని అభ్రకపు రేకుపై పెట్టి, అతుకు పొడిని వెలిగారముతో చల్లి, ఊదుగొట్టముతో మంట నూదుదురు. ఊపిరి యొక రవంత తక్కువైన అతుకు పట్టదు. హెచ్చిన వెండ్రుకవంటి తీగెలే కరగి ముద్దయగును. అతుకు పాఱిన ఒక్క రెప్పపాటులో మంట తీయవలెను. ఇది గ్రంథము చదివి వచ్చునది కాదు. తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలసినది. చివరకు చింతపండుతో, కుంకుడునురుగుతో తోమి మెఱుగు పెట్టుదురు. కండ్లకు కెంపులు పొదిగిన పాము అప్పుడు చూచునది యగును.

ఇట్టి తీగెపనికి తెలుగునాట నేటికిని పేరుగాంచినది కరీంనగరము. అచ్చటికి సమీపమున నున్న ఎలగందులలో ఈ పని వెలసినదని చెప్పుదురు. పన్నీరుబుడ్లు, అత్తరుదానులు, తాంబూలపు పెట్టెలు, నగలు వెండి తీగెతో చేయు ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఒరిస్సాలో కటకము ఇంతకంటె ప్రసిద్ధము. అచ్చట దీనిని తారకసి యందురు. తార అనగా తీగె. ఒడిస్సీ నర్తకులు ధరించు వెండి నగలు ఈ పనివే. కటకములో దుర్గాపూజకు దేవి వెనుక నిలుపు వెండి తోరణములు 1956 నుండి వాడుకలోనికి వచ్చినవి. 2024లో ఈ పనికి కూడ భౌగోళిక గుర్తింపు వచ్చెను. గుర్తింపు గౌరవము తెచ్చును. కొలిమిలో నిప్పు నిలుపునది మాత్రము కొనువారే.

ఆదిలాబాదు అడవులలో ఓజాలు చేయు డోక్రా పని మఱియొక వింత. అందు తీగె లోహముది కాదు, మైనముది. మట్టిబొమ్మపై మైనపు తీగెలను చుట్టి, పైన మరల మట్టి పూసి కాల్చుదురు. మైనము కరగిపోయిన చోట ఇత్తడి నిండును. తీగెచుట్ల గుర్తులు ఇత్తడిపై అట్లే నిలుచును. ఈ పనికి 2018లో గుర్తింపు లభించెను. ఒరిస్సాలోని మనవారు అచ్చటి డోక్రాలో కూడ ఇదే పద్ధతిని చూడవచ్చును.

ప్రాకెడు జంతువులలో పామొక్కటియే నగ కెక్కలేదు. మొసలి మకరమై కడియముల కొసలందును కుండలములందును చేరినది. కూర్మము విష్ణువు అవతారము గనుక తాబేటి ఉంగరము నేడు అంగళ్ళలో విరివిగా అమ్ముడగుచున్నది. బల్లి నగగా కనబడుట అరుదు. కంచి వరదరాజస్వామి ఆలయమున బంగారు బల్లి, వెండి బల్లి రూపములను భక్తులు తాకి వత్తురు. కాని పామునకు గల స్థానము వేఱు. కార్తిక శుద్ధ చవితినాడు తెలుగువారు పుట్టకు పాలు పోయుదురు. ఒరిస్సావారికి కూడ నాగచతుర్థి ఆ దినముననే. కన్నడ మరాఠీ దేశములలో శ్రావణ శుద్ధ పంచమి. కృష్ణాజిల్లాలోని మోపిదేవి యందు భక్తులు మ్రొక్కు చెల్లించుకొను వెండి పడగలు కంసాలి చేతి పనులే. ఇంట నాగవంకి కూడ ఇట్టి మ్రొక్కు జ్ఞాపకము కావచ్చును. ఎవరికి బిడ్డ కలిగినప్పుడు చేయించిరో తెలిసినవారుండిన, ఆ నగ యొక వంశచరిత్రయే.

ఈ పనికి దెబ్బ తగిలిన కారణములు కొన్ని కలవు. 1962 నాటి చైనా యుద్ధానంతరము, 1963 జనవరిలో బంగారపు నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారట్లకు మించిన నగలు చేయరాదనిరి. అందులో రాగి వెండి పాలు హెచ్చు. తీగెపనికి అలవాటైన మెత్తదనము తక్కువ. వేలకొలది స్వర్ణకార కుటుంబములు పనిలేక ఇతర వృత్తులకు పోయినవి. 1968లో నియంత్రణ చట్టమై, 1990లో రద్దయ్యెను. చట్టము పోయినను, ఈ నడుమ తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్వవలసిన తరము బడికి, కచేరీకి పోయినది. తరువాత అచ్చుపోత యంత్రములు వచ్చినవి. ఒక్క దినమున నూఱు పాములు పుట్టును; నూఱింటికిని ఒకే ముఖము.

పాత నగకు అంగడిలో న్యాయము జరుగదు. తీగెపనిలో అతుకులు హెచ్చని తరుగు కోయుదురు; పనితనమునకు కానియు కట్టరు. కొత్తనగకు మాత్రము మజూరీ పుచ్చుకొందురు. 2021 జూన్ 16వ తేదీ నుండి అంగడిలో అమ్ము బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి యగుట మొదలైనది. అది కొనువారికి మేలే. కాని ముద్ర లేదను బెదురుతో పాతనగను వెంటనే మార్చుకొనవలెనని కొందఱు తలచుచున్నారు. ఇంట దాచుకొని ధరించు నగకు ముద్ర అక్కఱలేదు.

మేము ఉద్యోగకాలమున తాకట్టు నగల చిట్టాలు వ్రాసియున్నాము. అందు వస్తువు పేరునకు ఇరుకు చోటు. తూకమునకు, విలువకు, వడ్డీకి వేర్వేఱు గళ్ళు. ‘బంగారు చేతి నగ ఒకటి’ అని వ్రాసిన చాలును. కచేరీకి అంతకు మించి పనిలేదు. కాని కిటికీ కావల నిలిచిన ముసలమ్మలు ఆ నగను చేతి కిచ్చునప్పుడు దాని పేరు చెప్పియే యిచ్చెడివారు. ‘ఇది మా యత్తగారి నాగవంకి, జాగ్రత్త నాయనా’ అనెడివారు. విడిపించుకొనని నగ వేలమునకు పోవును. తూకము చిట్టాలో నేటికిని ఉండవచ్చును. ఆ పేరు మాత్రము ఏ చిట్టాకును ఎక్కలేదు.

పరభాషాప్రాంతమున నున్న మనకు ఈ నష్టము ఇబ్బడి. పిల్లలు బడిలో ఆ ప్రాంతపు భాష, ఇంగ్లీషు నేర్చుచున్నారు, అది కావలసినదే. ఇంటి తెలుగు వంటయింటికి, పూజకు, నగల పెట్టెకు పరిమితమగుచున్నది. నాగరము కరగిన నాడు నాగరమను మాట కూడ ఆ యింట కరగును. ఆ మాటను మరల నేర్పు బడి లేదు.

కాబట్టి మా విన్నపము స్వల్పమైనది. అవసరము వచ్చిన నగ అమ్మవలదని మేము చెప్పజాలము. బంగారము కష్టకాలమునకే గదా. కాని అమ్ముటకు, మార్చుటకు ముందు ఒక నోటుపుస్తకమున నాలుగు పంక్తులు వ్రాయుడు. మీ యింట దానిని ఏమని పిలుతురో ఆ పేరు మీ యాసలోనే వ్రాయుడు. తూకమును గ్రాములలో వ్రాయుడు. పెద్దలు తులములలో చెప్పిన అదియు వ్రాయుడు. తులమనగా సుమారు 11.66 గ్రాములు. ఎవరు చేయించిరి, ఏ యూరి కంసాలి చేసెను, ఎవరెవరు ధరించిరి, ఏ సందర్భమున అను సంగతులు తెలిసినంత వఱకు చేర్పుడు. ముందు వెనుకల రెండు ఛాయాచిత్రములు తీయుడు; తీగెపని రహస్యము తఱచుగా వెనుకవైపుననే తెలియును. ప్రక్కన ఒక రూపాయి నాణెము నుంచిన పరిమాణము తెలియును.

మన సంఘములు ఇట్టి నోటుపుస్తకములను సేకరించి, ప్రతి సంచికలోను రెండు మూడు నగల వృత్తాంతములను ప్రకటించిన, పదేండ్లలో ఒక చక్కని గ్రంథమగును. కరీంనగరము, కటకముల పనివారికి ఆ పాత రూపములను చూపి మరల చేయించుకొనవచ్చును. వారికి పని దొరకును, మనకు నగ దొరకును. పెండ్లికి పది నగలు కొనువారు అందొక్కటి చేతిపనిది కొనిన చాలును.

ఈ వ్యాసము చదివిన సాయంకాలము ఇంటి పెద్దామెను ప్రక్కన కూర్చుండబెట్టి పెట్టె తెఱపించి, ఒక్కొక్క నగ పేరు అడిగి వ్రాసికొనుడని మా ప్రార్థన. చెప్పువారు ఉన్న దినములలోనే ఈ పని కావలెను.